చదవని చీటీ ఖరీదు

ఓటు వేసే మీట నొక్కగానే, ఎవరికి వేశామో చూపిస్తూ ఏడు సెకన్లపాటు అద్దం వెనక కనిపించి, తెగి పెట్టెలో పడిపోయే ఆ చిన్న చీటీని అచ్చువేసే వీవీప్యాట్ యంత్రం ఖరీదు సుమారు 16 వేల రూపాయలు. ఒక శాసనసభ నియోజకవర్గంలో 300 పోలింగ్ కేంద్రాలు ఉన్నాయనుకుంటే ఆ యంత్రాలకే 48 లక్షల రూపాయలు అవుతుంది. ఇంత డబ్బు పెట్టి అచ్చువేయించిన చీటీల్లో మనం బయటికి తీసి లెక్కపెట్టేవి ఐదు కేంద్రాలవి మాత్రమే. మిగిలిన 295 కేంద్రాల చీటీలను ఎవరూ చదవరు.

ఓట్లను చేత్తో లెక్కపెట్టడం చవకా, యంత్రంతో లెక్కపెట్టడం చవకా అనే వాదన తిరుపతిలో ప్రతి ఎన్నిక తర్వాతా వినిపిస్తుంది. ఓడిన పక్షం కాగితం కావాలంటుంది, గెలిచిన పక్షం యంత్రం చాలంటుంది, తరువాతి ఎన్నికకు పక్షాలు తారుమారైతే వాదనలూ తారుమారవుతాయి. నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కల అయ్యవారిగా పనిచేశాను. బ్యాలెట్ పెట్టెల కాలంలోనూ, యంత్రాల కాలంలోనూ ఎన్నికల విధులు చేశాను. యంత్రమే చవక అని చాలాకాలం నమ్మాను, పిల్లలకూ అలాగే చెప్పాను. పదవీ విరమణ తర్వాత తీరికగా కాగితం మీద లెక్క వేసి చూసుకున్నప్పుడు నా నమ్మకం నిలబడలేదు. ఆ లెక్కనూ, దాని నుంచి నేను చేరుకున్న అభిప్రాయాన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చేతి లెక్కింపు అంటే ఏమిటో చెప్పాలి. ఇప్పుడు నలభై ఏళ్లలోపు ఉన్నవారిలో చాలామంది దాన్ని చూసి ఉండరు. 1994 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో నేను ఒక కళాశాల హాలులో లెక్కింపు సహాయకుడిగా కూర్చున్నాను. పెట్టె సీలు ఏజెంట్లకు చూపించి, తెరిచి, బల్ల మీద బోర్లించేవాళ్లం. మొదటి పని ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చూడడం కాదు, పెట్టెలో ఎన్ని కాగితాలు ఉన్నాయో చూడడం. ఆ సంఖ్య ప్రిసైడింగ్ అధికారి రాసి పంపిన లెక్కతో సరిపోవాలి. తరువాత మడతలు విప్పి, పాతికేసి చొప్పున కట్టలు కట్టి, అన్ని కేంద్రాల కట్టలనూ ఒక పెద్ద డ్రమ్ములో వేసి కలిపారు. ఏ ఊరు ఎవరికి ఓటేసిందో తెలియకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. ఆ డ్రమ్ములోంచి నలభై కట్టలు, అంటే వెయ్యి ఓట్లు, ఒక్కో బల్లకు వచ్చేవి. అప్పుడు మొదలయ్యేది అసలు లెక్క.

సందేహాస్పదమైన ఓట్ల దగ్గరే కాలమంతా పోయేది. ఇద్దరు అభ్యర్థుల మధ్య గీత మీద పడ్డ ముద్ర, ముద్రకు బదులు వేలిముద్ర, తడి ఆరకముందే మడవడం వల్ల ఎదుటి గుర్తు మీద కూడా అంటుకున్న సిరా, ఇవన్నీ ఒక పళ్లెంలో వేరుగా పెట్టి రిటర్నింగ్ అధికారి దగ్గరికి పంపాలి. బ్యాలెట్ మీద వేసే ఆ ముద్రలో బాణాలు ఒకే వైపు తిరిగి ఉండడానికి కారణం నాకు ఆ రాత్రే తెలిసింది. మడతలో అంటుకున్న నకలులో బాణాలు తిరగబడి కనిపిస్తాయి కనుక అసలు ముద్ర ఏదో, అంటు ఏదో చూడగానే చెప్పవచ్చు. అక్షరం రానివాడి ఓటు కూడా వృథా కాకూడదని ఎవరో ఎంతో ఆలోచించి చేసిన ముద్ర అది. దాన్ని ఎప్పుడు తలచుకున్నా ఆ మనిషికి నమస్కరించాలనిపిస్తుంది.

తెల్లవారుజామున మూడు గంటలకు మా బల్ల మీద ఒక తప్పు జరిగింది. ఒక అభ్యర్థి కట్టను నేనే పక్క అభ్యర్థి అరలో పెట్టాను. చేతులకు అది తెలియలేదు, కళ్లకూ తెలియలేదు. జాలీ అవతల దుప్పటి కప్పుకుని కూర్చున్న ఏజెంటు ఒకాయన లేచి, “అయ్యోరూ, ఆ పాతిక మావి, చూడండి” అన్నాడు. తీసి చూస్తే నిజమే. ఆ పాతిక ఓట్లు ఫలితాన్ని మార్చేవి కావు. అయినా చేతి లెక్కింపు బలహీనత, బలం రెండూ ఆ ఒక్క క్షణంలోనే నాకు కనిపించాయి. అలసిన మనిషి తప్పు చేస్తాడు. ఆ తప్పును పట్టుకోవడానికి ఎదురుగా కూర్చున్న మరో సామాన్య మనిషి చాలు, అతనికి ఇంజనీరింగు తెలియనక్కరలేదు.

ఇక డబ్బు లెక్క. యంత్రాల ధరలు ఊహించనవసరం లేదు. ఎన్నికలన్నీ ఒకేసారి జరిపితే ఎంత ఖర్చవుతుందో చెబుతూ ఎన్నికల సంఘం 2023 ఫిబ్రవరిలో కేంద్ర న్యాయశాఖకు రాసిన లేఖలో అవి ఉన్నాయి. ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్ 7,900, ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉండే కంట్రోల్ యూనిట్ 9,800, వీవీప్యాట్ 16,000. మూడూ కలిపితే 33,700 రూపాయలు. బెంగళూరులోని బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), హైదరాబాదులోని ఈసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థలు వీటిని తయారుచేస్తాయి. ఆయుష్షు పదిహేనేళ్లు, అంటే మూడు సాధారణ ఎన్నికలు. 300 కేంద్రాలున్న నియోజకవర్గానికి ఒక సెట్టు చొప్పున 1 కోటి 1 లక్షా 10 వేల రూపాయలు అవుతుంది. మూడు ఎన్నికలకు పంచితే ఒక ఎన్నికకు 33 లక్షల 70 వేలు పడుతుంది. రెండు లక్షల ఓట్లు పోలయ్యాయనుకుంటే ఓటుకు దాదాపు 17 రూపాయలు. మన రాష్ట్రంలో లోక్‌సభకూ శాసనసభకూ ఒకేరోజు ఓటు వేస్తాం కనుక ఇలాంటివి రెండు సెట్లు కావాలి. మధ్యలో చెడిపోతే మార్చడానికి ఉంచే అదనపు యంత్రాలు, ఏడాది పొడవునా గోదాముల కాపలా, ఎన్నికకు ముందు ఇంజనీర్లు వచ్చి చేసే తొలి దశ తనిఖీ నేను ఈ లెక్కలో చేర్చలేదు. అవే యంత్రాలను ఉప ఎన్నికలకూ ఇతర రాష్ట్రాల ఎన్నికలకూ వాడతారు కనుక భారం కొంత పంచుకుపోతుంది. ఆ రెండూ సరికి సరి అనుకుందాం.

కాగితం వైపు ధరలు నేను వేసుకున్న అంచనాలే, అందుకే వాటిని ఉదారంగా వేశాను. మూడు లక్షల మంది ఓటర్లకు బ్యాలెట్ ఒక్కింటికి రెండు రూపాయల చొప్పున 6 లక్షలు. పద్నాలుగు బల్లలు, బల్లకు ముగ్గురు, ఒక్కో బల్ల వెయ్యి ఓట్లను గంటన్నరలో పూర్తిచేస్తుందనుకుంటే రెండు లక్షల ఓట్లకు ఇరవై ఒకటి, ఇరవై రెండు గంటలు పడుతుంది. కట్టలు కట్టడానికీ కలపడానికీ మరో ఎనిమిది గంటలు. నాలుగు షిఫ్టుల సిబ్బందికీ, కట్టలు కట్టేవారికీ మనిషికి వెయ్యి రూపాయల చొప్పున ఇచ్చినా రెండున్నర లక్షలు దాటదు. భోజనాలు, దీపాలు, పోలీసు బందోబస్తు కలిపి దాన్ని రెట్టింపు చేసి 5 లక్షలనుకుందాం. మొత్తం 11 లక్షలు. బ్యాలెట్ ఖరీదు రెండు కాదు నాలుగు రూపాయలన్నా 17 లక్షలు. యంత్రాల లెక్కలో అది సగమే.

ఈ అంకెలు చూసి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మనుషుల శ్రమ చవకగా దొరికే మన దేశంలో, ఒకే ఒక్క పదవికి ఒకే ఒక్క ముద్ర వేసే మన బ్యాలెట్‌తో, చేతి లెక్కింపు ఖరీదైనదన్న మాట రూపాయల్లో నిలబడదు. అమెరికాలో కథ వేరు. అక్కడ ఒకే బ్యాలెట్ మీద దేశాధ్యక్షుడి నుంచి పాఠశాల బోర్డు సభ్యుడి దాకా ఎన్నో పోటీలు ఉంటాయి, కనుక ఒకే కాగితాన్ని అన్ని సార్లూ లెక్కపెట్టాలి. పైగా అక్కడ గంట కూలి ఎక్కువ. కాలిఫోర్నియాలో శాస్టా కౌంటీ పాలకవర్గం 2023లో యంత్రాలను వదిలి చేతి లెక్కింపుకు మళ్లాలనుకుంది. వెయ్యిమందికి మించి ఓటర్లున్నచోట సాధారణ ఎన్నికల్లో అలా చేయకూడదని ఆ రాష్ట్రం అదే ఏడాది చట్టం చేసింది. వారి ఖర్చు లెక్కను తెచ్చి మన మీద రుద్దడం, మన లెక్కను తీసుకెళ్లి వారికి చెప్పడం రెండూ తప్పే. మన వాదనల్లో ఇది తరచూ జరుగుతోంది కనుక చెబుతున్నాను.

మరొక సంగతి గమనించాను. ఆ యంత్రాల సెట్టులోంచి వీవీప్యాట్‌ను తీసేస్తే మిగిలేది 17,700 రూపాయలు. 300 కేంద్రాలకు, మూడు ఎన్నికలకు పంచితే ఒక ఎన్నికకు 17 లక్షల 70 వేలు. అంటే కాగితానికి నేను ఎక్కువలో ఎక్కువగా వేసిన అంచనాకు దాదాపు సమానం. యంత్రాన్ని ఖరీదైనదిగా చేసింది ఓటు వేసే మీట కాదు, లెక్కపెట్టే పరికరమూ కాదు, చీటీ అచ్చువేసే ప్రింటరు. ఆ ప్రింటరు ఎందుకు వచ్చింది? ఓటు ఎవరికి పడిందో ఓటరు కళ్లారా చూడాలని, కావాలంటే తరువాత కాగితంతో సరిచూసుకోవడానికి వీలుండాలని. 2013 ఆగస్టులో నిబంధనలు మార్చారు, సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో మొదటిసారి వాడారు, అక్టోబరులో సుప్రీంకోర్టు అది స్వేచ్ఛాయుతమైన ఎన్నికకు తప్పనిసరి అన్నది. 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 16 లక్షల 15 వేల వీవీప్యాట్‌ల కొనుగోలుకు 3,173 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇదంతా నమ్మకం కోసం పెట్టిన ఖర్చు. ఇంత పెట్టిన తర్వాత ఆ నమ్మకాన్ని చేతికి అందించే చివరి పని దగ్గర, అంటే చీటీలను లెక్కపెట్టడం దగ్గర, మనం చేయి బిగబట్టాం.

అలాగని మళ్లీ పెట్టెలకే వెళ్లాలని నేను అనడం లేదు. నా వృత్తిజీవితంలో మొదటి పదేళ్లూ నేను విన్న, చూసిన ఎన్నికల గొడవల్లో ఎక్కువ భాగం లెక్కింపు హాలులో జరిగినవి కావు, పోలింగ్ కేంద్రంలో జరిగినవే. పది మంది లోపలికి వచ్చి, సిబ్బందిని పక్కన కూర్చోబెట్టి, పుస్తకాల కొద్దీ బ్యాలెట్లు చింపి ముద్రలేసి పెట్టెలో కూరితే అరగంటలో ఊరంతా ఓటేసినట్టే. యంత్రం నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు, ప్రిసైడింగ్ అధికారి క్లోజ్ మీట నొక్కాడంటే ఇక ఒక్కటీ తీసుకోదు. రాయలసీమ పల్లెల్లో ఎన్నికల విధులకు వెళ్లి, భార్యాబిడ్డలను తలచుకుంటూ రాత్రి గడిపినవారికి ఆ తేడా విలువ తెలుస్తుంది. చెల్లని ఓటు అనే మాట కూడా యంత్రంతో దాదాపు పోయింది. ఓటరు పొరపాటు వల్ల ఓటు చెల్లకుండా పోవడం కంటే పెద్ద నష్టం ఏముంటుంది?

యంత్రం వల్ల పోయినదీ ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ డ్రమ్ము పోయింది. ఇప్పుడు ఏ కేంద్రంలో ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలిసిపోతుంది. ఏడు వందల ఓట్ల కేంద్రంలో, అందులోనూ ఒక వీధికో ఒక కులానికో ఒక కేంద్రం ఉన్నచోట, రహస్యం అనేది పేరుకే మిగులుతుంది. ఎవరు తమకు వేయలేదో తెలిసిన నాయకుడు నీళ్ల కొళాయి దగ్గరా, ఇంటి పట్టా దగ్గరా గుర్తుపెట్టుకుంటాడు. అన్ని కంట్రోల్ యూనిట్ల ఓట్లనూ కలిపి మొత్తం మాత్రమే చూపించే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ సమర్థించింది, అది ఇప్పటికీ అమలులోకి రాలేదు. ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు ఈ ఖర్చును కూడా లెక్కవేయాలి. దీన్ని చెల్లిస్తున్నది పేదవాడు.

చేతి లెక్కింపు ఎక్కడ చక్కగా ఒదుగుతుందో నేను 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో చూశాను. పాకాల వైపు ఒక చిన్న పంచాయతీలో నాకు విధులు పడ్డాయి. మధ్యాహ్నం మూడున్నరకు పోలింగ్ ముగిసింది, నాలుగింటికి అదే బడిలో అవే బల్లల మీద లెక్కింపు మొదలైంది. ముందు వార్డు సభ్యులది, తరువాత సర్పంచిది. కిటికీల దగ్గర ఊరంతా నిలబడి చూస్తోంది. రాత్రి భోజనాల వేళకు ఓడినవాడు గెలిచినవాడి చేయి పట్టుకుని బయటికి నడిచాడు. ఆ లెక్కింపుకు అదనంగా అయిన ఖర్చు మాకు పెట్టిన భోజనం, నాలుగు ట్యూబులైట్ల కరెంటు. అదే ఏడాది ఏప్రిల్ 8న జరిగిన ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికల పెట్టెలు మాత్రం కోర్టు వివాదాల వల్ల సెప్టెంబరు 19 దాకా, అంటే ఐదు నెలలకు పైగా, గదుల్లో ఉండిపోయాయి. కాగితం చవక, కాని దాని కాపలా చవక కాదు. ఎన్ని రోజులు కాపలా కాయాలో ఆ రోజులే దాని అసలు ధరను నిర్ణయిస్తాయి.

తిరుపతివాళ్లకు లెక్కింపు అనగానే మనసులో మెదిలేది పరకామణి. శ్రీవారి హుండీ కానుకలను కూర్చుని విడదీసి, పేర్చి, లెక్కించే ఆ పనిలో పాల్గొనడాన్ని ఎంతోమంది భాగ్యంగా భావిస్తారు, సేవకు పేరు నమోదు చేసుకుని వేచి ఉంటారు. వారు కూలి తీసుకోరు కనుక ఆ శ్రమ ఏ ఖర్చు పద్దులోనూ కనిపించదు. ఎన్నికల్లో మా అయ్యవార్ల శ్రమ కూడా చాలావరకు అలాంటిదే. నేను పైన వేసిన వెయ్యి రూపాయలు న్యాయమైన కూలి కాదని నాకు తెలుసు. రెండు రాత్రుల నిద్ర, ఎండలో బస్సు ప్రయాణం, ఏదైనా జరిగితే ఉద్యోగం పోతుందన్న భయం, వీటికి వెల కడితే కాగితం అంత చవకగా కనిపించకపోవచ్చు. కాని యంత్రం వచ్చాక ఆ రాత్రులు తగ్గాయా అంటే పోలింగ్ సిబ్బందికి తగ్గలేదు. పంపిణీ కేంద్రంలో మూడు యంత్రాలు, వాటి తీగలు, సీళ్లు సరిచూసుకోవడం, తెల్లవారుజామున యంత్రాన్ని సరిచూడడానికి ఏజెంట్ల ముందు యాభై ఓట్లతో మాక్ పోల్, ఆ ఓట్లను చెరపడం, మళ్లీ సీళ్లు, రాత్రికి పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం, స్వీకరణ కేంద్రంలో వరస. కాలం ఆదా అయింది లెక్కింపు హాలులో మాత్రమే.

ఇప్పుడు ఆ ఐదు కేంద్రాల సంగతి. ఒక్కో శాసనసభ నియోజకవర్గానికి ఒక్క కేంద్రం చీటీలే లెక్కిస్తామని మొదట అన్నారు. సగం కేంద్రాలవి లెక్కించాలని మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాడైన చంద్రబాబునాయుడు ముందుండి ఇరవై ఒక్క పార్టీల నాయకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2019 ఏప్రిల్ 8న కోర్టు ఒకటిని ఐదు చేసింది. ఆనాడు ఆ పక్షాన ఎవరున్నారు, ఈనాడు ఎవరున్నారు అన్నది నాకు ముఖ్యం కాదు, ప్రశ్న మాత్రం సరైనదే. దేశం మొత్తం మీద 479 యంత్రాల చీటీలు చూస్తే చాలని భారతీయ గణాంక సంస్థ నివేదిక ఇచ్చింది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. దేశంలోని యంత్రాలన్నీ కలిపి చూస్తే వాటిలో లోపాలు వ్యాపించి ఉన్నాయా అన్న ప్రశ్నకు అది సమాధానం. కాని సత్యవేడులోనో పలమనేరులోనో ఓడిన అభ్యర్థి అడిగే ప్రశ్న దేశం గురించి కాదు, తన నియోజకవర్గం గురించి.

తరగతిలో పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. రెండు లక్షల ఓట్ల నియోజకవర్గంలో ఒకరు రెండు వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారనుకుందాం. ఆ ఫలితం తప్పు కావాలంటే ఒకరివి వెయ్యికి పైగా ఓట్లు ఇంకొకరి ఖాతాలో పడి ఉండాలి. కేంద్రానికి 170 చొప్పున ఆరు కేంద్రాలు చాలు. 300లో ఆ ఆరింటిలో ఒక్కటైనా, లాటరీ తీసిన ఐదింటిలో పడే అవకాశం ఎంత? నూటికి పది. అంటే పదింట తొమ్మిదిసార్లు ఆ తప్పు మన కంటపడదు. ఆధిక్యం ఇరవై వేలైతే అరవై కేంద్రాల్లో తప్పు జరిగి ఉండాలి, అప్పుడు అవే ఐదు చీటీల పెట్టెలు మూడింట రెండుసార్లు దాన్ని పట్టుకుంటాయి. కనుక ఎన్ని పెట్టెలు తెరవాలన్నది ఆధిక్యాన్ని బట్టి నిర్ణయించాలి, అన్నిచోట్లా ఐదు అనడం లెక్క కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2017 నుంచి ఇదే సూత్రం మీద కాగితాలను సరిచూస్తోంది. ఆధిక్యం ఎక్కువైతే కొద్ది కాగితాలు, తక్కువైతే ఎక్కువ కాగితాలు.

యంత్రాలు మోసం చేస్తున్నాయని నేను అనడం లేదు. ఆ మాటకు నా దగ్గర ఆధారం లేదు, ఆధారం లేని మాట అనను. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు కాగితపు బ్యాలెట్ కావాలన్న కోరికనూ, చీటీలన్నీ లెక్కించాలన్న కోరికనూ తోసిపుచ్చిన తీర్పులో 2019 ఎన్నికల సరిచూపు ప్రస్తావన ఉంది. అన్ని వేల కేంద్రాల్లో తేడా వచ్చింది ఒక్కచోట, అది మన పొరుగున కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గంలోని 63వ కేంద్రంలో. కారణం యంత్రం కాదు. మాక్ పోల్ ఓట్లను చెరపకుండానే అసలు పోలింగ్ మొదలుపెట్టారు. ఆ వాక్యం చదివినప్పుడు నా గుండె ఝల్లుమంది. తెల్లవారుజామున నిద్రకళ్లతో, చుట్టూ ఏజెంట్లు తొందరపెడుతుండగా, నేనూ అదే మీట మీద వేలు పెట్టి నిలబడినవాణ్ని. ఆ తప్పు నేనూ చేసి ఉండగలను. దాన్ని పట్టిచ్చింది చీటీయే. చీటీల లెక్కింపు ఇంజనీర్ల మీద అనుమానం కాదు. 1994లో నా తప్పును పట్టుకున్న దుప్పటి కప్పుకున్న మనిషికి యంత్రాల కాలంలో మిగిలిన ఒకే ఒక్క కిటికీ అది.

ఖర్చు ఎంతవుతుంది? ఒక కేంద్రం చీటీలకు సుమారు గంట పడుతుందని ఎన్నికల సంఘమే చెప్పింది. 300 కేంద్రాలు, పద్నాలుగు బల్లలు అంటే ఇరవై రెండు గంటల్లోపు. మూడు షిఫ్టులు, బల్లకు ముగ్గురు, మనిషికి అదే వెయ్యి చొప్పున లక్షా 26 వేల రూపాయలు. ప్రింటర్ల ఖరీదులో ఒక ఎన్నికకు వచ్చే వాటా 16 లక్షలు. అందులో ఇది నూటికి ఎనిమిది కూడా కాదు. ఇదీ అన్ని చీటీలూ లెక్కిస్తేనే. ఆధిక్యం నూటికి ఒకటి కంటే తక్కువ ఉన్నచోట మాత్రమే పూర్తిగా, మిగతాచోట్ల ఆధిక్యాన్ని బట్టి లెక్కిస్తే సగటున ఇంకా తగ్గుతుంది. పైగా దీనికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. యంత్రం లెక్కకూ చీటీల లెక్కకూ తేడా వస్తే చీటీల లెక్కే చెల్లుతుందని ఇప్పటి నిబంధనలే చెబుతున్నాయి. చెల్లేది అదే అయినప్పుడు దాన్ని చూడడానికి ఇంత వెనకాడడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఆలస్యం అవుతుందంటారు. మన రాష్ట్రంలో 2019లో ఏప్రిల్ 11న ఓటు వేసి మే 23 దాకా 42 రోజులు ఎదురుచూశాం. 2024లో మే 13న వేసి జూన్ 4 దాకా 22 రోజులు చూశాం. ఇతర రాష్ట్రాల పోలింగ్ కోసం అన్ని రోజులు ఓపికపట్టిన జనం తమ ఓటు సరిచూపు కోసం ఇంకొక్క రోజు ఓపికపట్టలేరా? మనుషుల చేయి పడితే అక్రమాలు జరుగుతాయని కోర్టు వ్యక్తంచేసిన సందేహాన్ని తేలిగ్గా తీసుకోలేను. ఆ చీటీ చిన్నది, పలచనిది, చుట్టుకుపోతుంది, ఒకదానికొకటి అంటుకుంటుంది, లెక్కించేవాణ్ని విసిగిస్తుంది. కాని అక్కడ యంత్రం చెప్పిన సంఖ్య ముందే రాసి ఉంటుంది. లెక్కించేవాడు ఒక చీటీ మాయం చేస్తే వెంటనే తేడా తెలుస్తుంది, మళ్లీ లెక్కిస్తారు. రెండు లెక్కలు ఒకదానికొకటి కాపలా కాస్తాయి, పెట్టెల కాలంలో లేని సౌకర్యం ఇది. చీటీ మీద బార్‌కోడ్ అచ్చువేసి యంత్రంతోనే లెక్కించవచ్చేమో పరిశీలించాలని అదే తీర్పు సూచించింది, అదీ మంచిదే. ఓడినవారు రెండో, మూడో స్థానంలో ఉంటే ఏడు రోజుల్లో దరఖాస్తు చేసి నూటికి ఐదు యంత్రాల మెమరీని ఇంజనీర్లతో తనిఖీ చేయించుకోవచ్చని కూడా ఆ తీర్పు అవకాశం ఇచ్చింది. కాని దానికి ఒక్కో సెట్టుకు 47,200 రూపాయలు అభ్యర్థే ముందుగా కట్టాలని 2024లో నిర్ణయించారు. ఆ డబ్బుతో నా లెక్క ప్రకారం పదిహేను కేంద్రాల చీటీలను ఊరందరి ముందూ లెక్కపెట్టవచ్చు, పైగా ఎంతో మిగులుతుంది.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో యంత్రాల ఓటును కొట్టివేస్తూ, ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని పౌరుడు కూడా లెక్కింపును సరిచూసుకోగలగాలని చెప్పింది. ఐర్లండు ఐదు కోట్లకు పైగా యూరోలు పెట్టి యంత్రాలు కొని, కాగితపు ఆధారం లేదన్న అభ్యంతరాలు రావడంతో దేశవ్యాప్తంగా ఒక్కసారైనా వాడకుండా, ఏళ్ల తరబడి గోదాముల అద్దె కట్టి, 2012లో వాటిని పాత ఇనుము కింద అమ్ముకుంది. వారు కొనకుండా పోయినది మనం కొన్నాం. ఆ ఆధారం మన దగ్గర ఉంది, సీలు వేసి ఉంది, పెట్టెలో ఉంది.

2024 మే 13న నేను తిరుపతిలో ప్రిసైడింగ్ అధికారిగా ఉన్నాను, అదే నా చివరి ఎన్నిక. మాక్ పోల్ ఓట్లను చెరిపానా లేదా అని మూడుసార్లు చూసుకున్నాను. జూన్ 4న పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో లెక్కింపు జరిగింది. ఆ హాలులో విధుల్లో ఉన్న మా బడి సహోద్యోగి మరునాడు ఇంటికి వచ్చి చెప్పాడు: రౌండ్లన్నీ అయ్యాక, ఫలితం అందరికీ తెలిసిపోయాక, కార్డుల మీద కేంద్రాల నంబర్లు రాసి లాటరీ తీసి, బ్యాంకు క్యాషియర్ గదిలాంటి జాలీ గూటిలో ఐదు కేంద్రాల చీటీలు లెక్కించారట. అప్పటికి ఓడినవారి ఏజెంట్లు చాలామంది వెళ్లిపోయారట. లెక్క సరిపోయిందట. “మన కేంద్రం వచ్చిందా సార్?” అని అడిగాను. లేదన్నాడు. ఆ రోజు నా కేంద్రంలో క్యూలో నిలబడి, అద్దంలో తమ గుర్తు చూసుకుని, తల ఊపి బయటికి వెళ్లినవారి చీటీలు నల్ల కవరులోకి వెళ్లి, సీలు పడి, గోదాముకు చేరాయి.